బూట్లు మంచం కింద ఉంటే

దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో ఉండి గ్రూప్స్‌కి చదువుతున్న పాఠకుడొకరు అడిగారు: "పొద్దున్నే సరూర్‌నగర్ చెరువు దాకా నడవాలనుకుంటాను. 21 రోజులు చేస్తే అలవాటైపోతుందంటారు. నాకు మూడో రోజే ఆగిపోతోంది. నాకు పట్టుదల లేదంటారా?"

ముందు ఆ 21 సంగతి తేల్చేద్దాం. అదంతా మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే అమెరికన్ ప్లాస్టిక్ సర్జన్ చలవ. ఆపరేషన్ అయినవాళ్లకి అద్దంలో కొత్త ముఖం అలవాటు పడటానికి కనీసం 21 రోజులు పడుతోందని 1960లో రాశాడు. జనం నోళ్లలో పడేసరికి 'కనీసం' ఎగిరిపోయింది, ఆపరేషన్ కూడా పోయింది, అంకె మిగిలింది! అలవాటు పడటానికి ఎన్నాళ్లు పడుతుందో లండన్‌లో ఫిలిప్పా లాలీ అనే పరిశోధకురాలి బృందం 96 మందిని గమనించి 2010లో అచ్చువేసిన అంచనా 18 నుంచి 254 రోజులు. మధ్యస్థం 66.

ఇక పట్టుదల. నాకు ఎంత చెప్పినా తనివి తీరని ప్రయోగం ఇక్కడే ఉంది. 1965లో యేల్ యూనివర్సిటీలో హొవార్డ్ లెవెంథాల్ బృందం విద్యార్థులకి ధనుర్వాతం గురించి కరపత్రాలిచ్చింది. కొందరికి ఒళ్లు జలదరించే ఫోటోలతో సహా. చదివినవాళ్లు హడలిపోయారు, టీకా తప్పక వేయించుకోవాలన్నారు. వెళ్లింది నూటికి ముగ్గురు. మరికొందరికి కరపత్రంతోపాటు ఆరోగ్య కేంద్రం గుర్తుపెట్టిన మ్యాపు ఇచ్చి, ఈ వారంలో మీకెప్పుడు వీలో చూసుకోండన్నారు. వాళ్లలో 28 శాతం వెళ్లారు! ఆ భవనం ఎక్కడుందో చాలామందికి ముందే తెలిసి ఉంటుంది కూడా. భయం ఎంత పెంచినా ఈ తేడా రాలేదు. మనిషిని వెనకనుంచి తోయడం కన్నా ముందున్న అడ్డు తీయడం మేలని మనస్తత్వ శాస్త్రవేత్త కుర్ట్ లెవిన్ అంతకుముందే చెప్పాడు. మన కోచింగ్ సెంటర్ల మోటివేషన్ క్లాసులు ఇంకా తోస్తూనే ఉన్నాయి.

మీ గదే చూడండి. బూట్లు మంచం కింద, సూట్‌కేసు వెనక. లైటు వేస్తే పక్క మంచం వాడు విసుక్కుంటాడు. గేటు తాళం నిద్రలో ఉన్న వాచ్‌మన్ దగ్గర. అన్నీ చిన్నవే, కానీ అయిదు గంటలకి ఒక్కోదాని దగ్గరా మనసు బేరానికి దిగుతుంది. బూట్లు రాత్రే తలుపు దగ్గర పెట్టండి, వాచ్‌మన్‌కి ముందే చెప్పండి, ఏ సందులోంచి వెళ్లాలో తేల్చుకోండి. బేరమంతా రాత్రే అయిపోతుంది.

గేటు దాటాక సంగతి వేరు, అక్కడి అడ్డు మీరు తీయగలిగేది కాదు. మెట్రోలో టికెట్ క్యూ అనే అడ్డు 2022లోనే వాట్సాప్ టికెట్లతో తగ్గింది. అదే మెట్రో కింద, దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీ నగర్ దాకా, ఫుట్‌పాత్ మీద బైకులు, బజ్జీల బండ్లు. నడిచేవాడు బస్సులకి ఎదురెళ్లాలి. దీనికి మాత్రం మీ పట్టుదలని నిందించుకోకండి.