గడియారం వయస్సు

గడియారం కాలాన్ని చెబుతుంది. తాను ఏ కాలానిదో మాత్రం చెప్పదు. తాతగారి పెట్టె అడుగున ఒక పాత చేతి గడియారం దొరికితే ఇంటిల్లిపాదికీ కలిగే మొదటి సందేహం "ఇది నడుస్తుందా?" అని. రెండవది "ఇది ఎన్నాళ్ళ కిందటిది?" అని. కీ ఇచ్చి చూస్తే మొదటి ప్రశ్నకు సమాధానం దొరుకుతుంది. రెండవ ప్రశ్నకు సమాధానం వెతకడం ఒక చిన్న పరిశోధన. ఆ సమాధానాన్ని బట్టి గడియారం వెల నిర్ణయమవుతుంది. పేరుపొందిన స్విస్ సంస్థల గడియారాలలో ఒకే నమూనాకు చెందిన రెండింటి మధ్య, తయారైన సంవత్సరాన్ని బట్టి, భాగాల స్వచ్ఛతను బట్టి లక్షల రూపాయల తేడా ఉండవచ్చును. వెలను పక్కన పెట్టినా, ఇంట్లో తరతరాలుగా చెప్పుకొనే కథ నిజమా కాదా అన్నది కూడా ఈ పరిశోధన వల్లనే తేలుతుంది.

సాహిత్య విద్యార్థులకు ఈ పద్ధతి కొత్తది కాదు. ఒక కవి కాలాన్ని నిర్ణయించేటప్పుడు పండితులు రెండు రకాల ప్రమాణాలను ఆశ్రయిస్తారు. శాసనాలు, ఇతర కవుల ప్రస్తావనలు బాహ్య ప్రమాణాలు. కావ్యంలోని భాష, ఛందస్సు, వస్తువుల పేర్లు ఆంతర ప్రమాణాలు. పదమూడవ శతాబ్దపు కవి రచించినట్లు చెప్పబడే పద్యంలో మిరపకాయ కనిపించిందనుకొందాం. పోర్చుగీసువారు సముద్రమార్గాన మన దేశానికి వచ్చింది 1498లో. మిరప వారి రాక తరువాతనే మన వంటింట్లోకి ప్రవేశించింది. అంతకు ముందు మన కారమంతా మిరియాలదే. కనుక ఆ పద్యం ఆ కవిది కాదని, తరువాత ఎవరో చేర్చిన ప్రక్షిప్తమని చెప్పడానికి ఆ ఒక్క మాట చాలును. గడియారం విషయంలోనూ ఇదే తర్కం పనిచేస్తుంది. దానిపై చెక్కిన వరుస సంఖ్య శాసనంలోని సంవత్సరం వంటిది. దాని భాగాలు కావ్యంలోని పదాల వంటివి.

ఆలేరుకు సమీపంలోని కొలనుపాకకు వెళ్ళినవారికి ఈ సంగతి మరింత బాగా బోధపడుతుంది. అక్కడి జైన మందిరంలోని విగ్రహాలు ప్రాచీనమైనవి. వాటికి ఆశ్రయమిచ్చిన కట్టడం మాత్రం జీర్ణోద్ధరణతో కొత్తరూపు దాల్చింది. "ఈ గుడి ఏనాటిది?" అని ఎవరైనా అడిగితే ఒక్క మాటలో చెప్పలేము. విగ్రహం వయస్సు వేరు, గోడ వయస్సు వేరు. ఆ ప్రాంతాన్ని ఏలిన కల్యాణి చాళుక్యుల శాసనాలలో కొన్నింటిపై శక సంవత్సరం ఉంటే, మరికొన్నింటిపై ఆరవ విక్రమాదిత్యుడు 1076లో నెలకొల్పిన చాళుక్య విక్రమ శకం ఉంటుంది. సంఖ్య కనబడగానే సరిపోదు. అది ఏ లెక్కలోని సంఖ్యో తెలియాలి. గడియారం మీది సంఖ్యను చదవడంలో తొలి చిక్కు కూడా ఇదే.

మన ప్రాంతంలో నిమిషాల లెక్కను నిత్యజీవితంలోకి తెచ్చినవాటిలో రైలు ముఖ్యమైనది. ఘటికాపాత్ర నీట మునిగే 24 నిమిషాల కాలాన్ని ఒక గడియగా లెక్కించుకొన్న సమాజానికి, బండి ఫలానా నిమిషానికి వస్తుందన్న మాట కొత్తది. భారతదేశానికంతటికీ ఒకే ప్రామాణిక కాలం 1906లో అమలులోకి వచ్చింది. ఆ రోజులలో వెస్ట్ ఎండ్ వాచ్ కంపెనీ వంటి సంస్థలు స్విట్జర్లాండులో తయారైన గడియారాలను ఇక్కడ అమ్మేవి. "సవార్ ప్రైమా" అన్న వారి గడియారం పేరులోని సవార్ మన నాలుకకు పరిచితమైన మాటే. స్వాతంత్ర్యానంతరం హిందుస్థాన్ మెషిన్ టూల్స్, అనగా హెచ్.ఎం.టి., జపానుకు చెందిన సిటిజన్ సంస్థ సహకారంతో 1961లో బెంగళూరులో చేతి గడియారాల తయారీ ప్రారంభించింది. 1980ల దశకంలో హైదరాబాదు ఆల్విన్ సంస్థ సీకో సహకారంతో ఆ రంగంలో అడుగుపెట్టింది. పెండ్లికి అల్లునికి వాచీ, సైకిలు, రేడియో పెట్టడం మన పల్లెలలో చాలాకాలం మర్యాదగా చెల్లింది. ఇప్పుడు ఒక ఇంట్లో "ఇది 1958లో పెండ్లినాడు మామగారు పెట్టిన హెచ్.ఎం.టి. జనతా" అని చెప్పుకొంటున్నారనుకొందాం. హెచ్.ఎం.టి. గడియారమే 1961లో పుట్టినది కదా! పెద్దలు అబద్ధమాడారని అనుకోనక్కరలేదు. పెండ్లినాటి గడియారం పోయి, దాని స్థానంలో వచ్చినది దాని పేరును, కథను కూడా స్వీకరించి ఉండవచ్చును.

ఇక సంఖ్యల సంగతి. అన్నింటిలోకి సులువుగా చదవగలిగినది సీకో పద్ధతి. వెనుక మూతపై ఉండే వరుస సంఖ్యలో మొదటి అంకె సంవత్సరంలోని చివరి అంకె. రెండవది నెల. జనవరి నుండి సెప్టెంబరు వరకు 1 నుండి 9 అంకెలు. అక్టోబరుకు సున్నను పోలిన ఓ అక్షరం, నవంబరుకు ఎన్, డిసెంబరుకు డి. సంఖ్య 35తో మొదలైతే 3తో ముగిసే సంవత్సరంలో మే నెల అన్నమాట. అయితే అది 1963 కావచ్చు, 1973 కావచ్చు, 1983 కావచ్చు. దశకాన్ని సంఖ్య చెప్పదు. అక్కడ లోపలి యంత్రం సాక్ష్యం చెప్పాలి. అదే మూతపై 6139 అన్న యంత్రసంఖ్య ఉన్నదనుకొందాం. ఆ యంత్రం 1969లో విపణిలోకి వచ్చి, 1970ల చివరికి ఆగిపోయింది. కనుక అది 1973 మే నెలలో తయారైన గడియారం. రెండు అసంపూర్ణ సాక్ష్యాలు కలిసి ఒక సంపూర్ణ సాక్ష్యమైన తీరు గమనించదగినది.

ఒమేగా సంస్థ వరుస సంఖ్యను పాత గడియారాలలో లోపలి యంత్రంపై చెక్కేది. ఆ సంఖ్యలు ఏటేటా పెరుగుతూ పోయాయి. సుమారు 1944 నాటికి ఒక కోటికి, 1963 ప్రాంతానికి రెండు కోట్లకు చేరాయి. ఇక్కడ "సుమారు" అన్న మాటను విద్యార్థులు తేలికగా తీసుకోరాదు. సంఖ్య యంత్రానికి పడిన నాడే గడియారం పూర్తికాదు. పూర్తయిన నాడే అమ్ముడుపోదు. అంగడి అద్దాల బీరువాలో రెండు మూడేండ్లు కూర్చున్న గడియారాలూ ఉన్నాయి. తయారీ సంవత్సరం, అమ్మిన సంవత్సరం, మన ఇంటికి వచ్చిన సంవత్సరం అనే మూడింటినీ వేరువేరుగా ఉంచుకోవాలి.

రోలెక్స్ పద్ధతి కొంత జటిలమైనది. సంఖ్య డొక్కుపై, ఆరు గంటల వైపున, గొలుసు తగిలించే కొమ్ముల నడుమ ఉంటుంది. గొలుసు విప్పితే గాని కనబడదు. ఈ సంఖ్యలు 1950ల తొలి సంవత్సరాలలో పది లక్షల అంచుకు చేరి, మళ్ళీ తక్కువ సంఖ్యల నుండి మొదలయ్యాయి. అందువల్ల అయిదు లక్షల ప్రాంతపు సంఖ్య 1940ల గడియారానికీ ఉండవచ్చు, 1950ల చివరి గడియారానికీ ఉండవచ్చు. అయితే ఆ కాలపు రోలెక్స్ గడియారాలలో చాలావాటికి వెనుక మూత లోపలివైపు రోమన్ అంకెతో ఏడాదిలోని పాదాన్ని, పక్కన సంవత్సరాన్ని ముద్రించేవారు. రోమన్ 2, పక్కన 59 ఉంటే 1959లో రెండవ పాదం. సంశయం తీరింది. 1987లో సంఖ్యకు ముందు అక్షరాన్ని చేర్చే పద్ధతి వచ్చింది. మొదట ఆర్, తరువాత ఎల్, ఇ, ఎక్స్. సంస్థ పేరులోని అక్షరాలే వరుసగా వాడి, సున్నతో పొరపడతారని కాబోలు, ఓ అక్షరాన్ని మాత్రం వదిలివేశారు. 2010 ప్రాంతం నుండి వరుస లేని అక్షరాలు, అంకెలు కలగలిపి వేస్తున్నారు. వాటిని చూసి సంవత్సరం చెప్పడం బయటివారికి సాధ్యం కాదు. మరొక మాట. ఈ సంఖ్యల పట్టికలలో అధికభాగం సంస్థ ప్రకటించినవి కావు. అమ్మిన రసీదులను, గడియారాలను పోల్చి సేకర్తలు కూర్చినవి. అవి విలువైనవే, కాని శిలాశాసనాలు కావు.

భాగాలలో అన్నింటికంటె ఎక్కువగా మాట్లాడేది డయల్. చీకటిలో మెరిసే పూతనే తీసుకొందాం. 1960ల తొలినాళ్ళ వరకు ముళ్ళపై, అంకెలపై రేడియం కలిపిన రంగు పూసేవారు. అది ఆరోగ్యానికి హానికరమని తెలిసినందున దాని స్థానంలో ట్రిటియం వచ్చింది. ట్రిటియం వాడిన స్విస్ డయల్ అడుగున స్విస్ అన్న మాటకు పక్కన టి అనే అక్షరం కనిపిస్తుంది. 1990ల చివరలో రేడియోధార్మికత లేని పూతలు వచ్చి, ఆ అక్షరం తొలగిపోయింది. ఇక 1955 నాటిదని చెప్పే గడియారం డయల్ మీద టి ఉంటే ఏమనాలి? డయల్ మార్చారని అనాలి. మరొక సంగతి: రేడియం పూత నేడు మెరవకపోవచ్చు. మెరుపునిచ్చే పదార్థం అరిగిపోతుంది, రేడియం మాత్రం అరగదు. సగం తరగడానికి దానికి 1600 ఏండ్లు పడుతుంది. కనుక అటువంటి డయల్‌ను గోకడం, ఊదడం, దులపడం ఎంతమాత్రం తగదు. ఆ పొడి శ్వాసలోకి పోతే ప్రమాదం.

యంత్రం లోపలి భాగాలూ సాక్ష్యం పలుకుతాయి. కింద పడినప్పుడు ఊగే చక్రపు ఇరుసు విరగకుండా కాపాడే ఇంకాబ్లాక్ అనే అమరిక 1930లలో వచ్చింది. దాని సన్నని స్ప్రింగు లైర్ అనే తంత్రీవాద్యం ఆకారంలో ఉంటుంది కనుక భూతద్దంతో చూసి గుర్తించవచ్చును. మొదటి ప్రపంచయుద్ధంలో సైనికుడు ధరించినదంటూ అమ్మజూపే గడియారంలో ఆ స్ప్రింగు కనిపిస్తే, ఆ యుద్ధం 1918లోనే ముగిసిందని అమ్మకందారుకు గుర్తుచేయవలసి ఉంటుంది. అలాగే క్వార్ట్జ్ చేతి గడియారాన్ని సీకో సంస్థ 1969 డిసెంబరు 25న తొలిసారిగా విడుదల చేసింది. అంతకు ముందటిదని చెప్పే గడియారంపై ఆ మాట ఉండే అవకాశం లేదు. అయితే దీనిని తిరగేసి వాదించరాదు. ఇంకాబ్లాక్ లేనంత మాత్రాన గడియారం 1930లకు ముందుదని చెప్పలేము. చవక గడియారాలు ఆ తరువాత ఎంతోకాలం అది లేకుండానే తయారైనాయి. ఉన్న వస్తువు పలికినంత గట్టిగా లేని వస్తువు పలకదు. కవుల కాలనిర్ణయంలో కూడా ఈ తేడాను విస్మరించి పెద్ద పెద్ద వాదాలు లేవదీసినవారు ఉన్నారు. ఆ చర్చ ఇక్కడ అప్రస్తుతం.

ఇంతవరకు చెప్పినదంతా గడియారంలోని భాగాలన్నీ ఒక్కనాడే కలిసి పుట్టాయన్న నమ్మకం మీద ఆధారపడినది. వాస్తవంలో అలా ఉండదు. అద్దం పగిలితే అద్దం, కీ తిప్పే బుడిపె అరిగితే బుడిపె మారుస్తారు. ఇది మోసం కాదు, వాడకం. కాని డయల్ మాసిందని దానికి కొత్త రంగు వేయించడం మన దేశపు బజారులలో విరివిగా జరుగుతున్నది. హెచ్.ఎం.టి. గడియారాల సంస్థను మూసివేయాలని 2016 జనవరిలో కేంద్ర ప్రభుత్వం నిర్ణయించిన తరువాత వాటిపై మోజు పెరిగింది. కర్మాగారం ఎన్నడూ వేయని రంగులతో, ముద్రించని బొమ్మలతో డయళ్ళు పుట్టుకొచ్చాయి. భూతద్దం కింద వీటి గుట్టు సులభంగానే బయటపడుతుంది. అక్షరాల అంచులు ఉబ్బి ఉంటాయి. నిమిషాల గీతలు సమదూరంలో ఉండవు. పేరు ఒకవైపు ఒరిగి ఉంటుంది. ఒక డొక్కు, వేరొక యంత్రం, మూడవ దాని ముళ్ళు కలిపి కూర్చిన గడియారాలు ఇంకొక రకం. వీటిలో ప్రతి భాగమూ అసలైనదే, మొత్తం మాత్రం నకిలీ. ప్రక్షిప్త పద్యాలలోనూ ప్రతి పదమూ నిఘంటువులో ఉన్నదే కదా.

ఇటువంటి కూర్పు ఎంత దూరం పోగలదో 2021లో లోకానికి తెలిసింది. ఆ ఏడాది నవంబరులో జెనీవాలో ఫిలిప్స్ సంస్థ జరిపిన వేలంలో ఒక పాత ఒమేగా స్పీడ్‌మాస్టర్ 31 లక్షల స్విస్ ఫ్రాంకులకు పైగా పలికింది. స్పీడ్‌మాస్టర్ నమూనా తొలిసారి వెలువడినది 1957లో. ఇది ఆ తొలి తరానికి చెందినదని నమ్మి ఒమేగా సంస్థ తన సొంత ప్రదర్శనశాల కోసమే కొన్నది. వేర్వేరు గడియారాల భాగాలతో దానిని కూర్చారని, అందులో తమ మాజీ ఉద్యోగుల ప్రమేయం ఉన్నదని 2023లో ఆ సంస్థే ప్రకటించింది. గడియారాన్ని తయారుచేసినవారే పొరబడిన చోట సంఖ్యను మాత్రమే చూసి కొనే సామాన్యుని సంగతి చెప్పనక్కరలేదు.

కాలనిర్ణయంలో నమ్మదగిన సాక్షి మరొకటి ఉన్నది. గడియారాన్ని బాగుచేసినవారు కొందరు వెనుక మూత లోపలివైపున సూదిమొనతో తమ గుర్తును, తేదీని సన్నగా గీస్తారు. అమ్మకందారు కంటికి ఇవి వట్టి గీతలు. కొందరు వాటిని సానపట్టి చెరిపివేస్తారు కూడా. ఒక మూతలో 1964, 1971, 1979 అని మూడు తేదీలున్నాయంటే ఆ మూత 1964 నాటికే ఉన్నదని, ఎవరో దానిని పదిహేనేండ్ల పాటు శ్రద్ధగా వాడుకొన్నారని తెలుస్తుంది. అందుచేత పాత గడియారాన్ని బాగుచేయడానికి ఇచ్చేటప్పుడు మూతను సానపట్టవద్దని, డయల్‌కు రంగు వేయవద్దని ముందే చెప్పాలి. తప్పనిసరిగా ఏ భాగాన్నయినా మార్చవలసి వస్తే, తీసివేసిన పాత భాగాన్ని అడిగి తెచ్చుకొని, మార్చిన తేదీ రాసిన చీటీతో సహా అదే పెట్టెలో భద్రపరచాలి.