నది కింద వేణ్ణీళ్ళు

లండన్‌లో బాటర్సీ పవర్ స్టేషన్ ఇప్పుడొక షాపింగ్ మాల్. వారాంతాల్లో మనవాళ్ళు కూడా ఆ నాలుగు తెల్ల చిమ్నీల ముందు నిలబడి సెల్ఫీలు దిగుతుంటారు. నాకు మాత్రం థేమ్స్ అవతలి ఒడ్డున, పిమ్లికోలో, గాజు తొడుగేసుకుని నిలబడ్డ గోపురం మీదికే చూపు పోతుంది. అదొక పెద్ద వేణ్ణీళ్ళ కాగు. ఎత్తు 41 మీటర్లు, పట్టేది దాదాపు 25 లక్షల లీటర్లు.

థర్మోడైనమిక్స్ గట్టెక్కినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది, బొగ్గులో ఉన్న వేడిలో మామూలుగా మూడో వంతు నుంచి నలభై శాతం దాకా కరెంటుగా మారుతుంది. మిగతాది కొంత పొగగొట్టంలోంచి, ఎక్కువ భాగం కండెన్సర్ నీళ్ళలోకి పోతుంది. అంత వేడినీ పారబోయడమెందుకూ అంటే, ఆ నీళ్ళు నలభై డిగ్రీల దగ్గరే ఆగిపోతాయి. మన బకెట్ స్నానానికి భేషుగ్గా ఉంటాయి గానీ గొట్టాల్లో దూరం పంపి ఇళ్ళు వెచ్చబెట్టడానికి చాలవు. అందుకని ఆవిరిని టర్బైన్‌లో పూర్తిగా పిండకుండా కాస్త ముందే బయటికి తియ్యాలి. కొంత కరెంటు పోతుంది, దానికి ఎన్నో రెట్లు పనికొచ్చే వేడి దక్కుతుంది. ‘ఉచితం’ అనేవాళ్ళు ఈ లెక్క చెప్పరు.

బాంబులకి దెబ్బతిన్న పిమ్లికోలో యుద్ధం తర్వాత చర్చిల్ గార్డెన్స్ కాలనీ కట్టినప్పుడు చేసింది ఇదే. 1950 నుంచి బాటర్సీ వేడినీళ్ళు నది కిందగా గొట్టాల్లో ఆ ఇళ్ళకి వెళ్ళాయి. ఇంటింటా బొగ్గు పొయ్యి లేకుండా వెచ్చదనం! 1952లో ఊరంతా పొగమంచుతో ఉక్కిరిబిక్కిరి అయిందని గుర్తుంచుకుంటే దీని విలువ తెలుస్తుంది. కరెంటు వాడకం, వేడి వాడకం ఒకే వేళకి పెరగవు కాబట్టే ఆ కాగు.

1983లో బాటర్సీ మూతపడింది. గొట్టాలు మాత్రం మూతపడలేదు. సొంత బాయిలర్లు పెట్టుకుని ఇప్పటికీ మూడువేల పైచిలుకు ఇళ్ళకి వేడి ఇస్తున్నాయి. నన్నడిగితే అసలు ఆస్తి ప్లాంటు కాదు, గొట్టాలే. అయితే ఇలాంటి ఉమ్మడి వేడికి ఒక చిక్కుంది. నచ్చకపోతే కంపెనీ మార్చుకునే వీలుండదు. 2022లో గ్యాస్ ధరలు మండినప్పుడు, మామూలు ఇళ్ళని కాపాడిన ధరల పరిమితి ఈ దేశంలో ఉమ్మడి వేడి ఇళ్ళకి వర్తించలేదు.

మరి మన దగ్గరో? మే నెలలో రామగుండంలో వేడి పంచుతామంటే తన్ని తరుముతారు. అక్కడ ఎన్టీపీసీ వాళ్ళు తిరగేసి ఆలోచించారు: పొగగొట్టంలో పోయే వేడితోనే ఏసీ. కంప్రెసర్‌కి బదులు వేడితోనే చల్లబరిచే యంత్రాలు ఎప్పటినుంచో ఉన్నాయి. విశాఖ దగ్గర సింహాద్రిలో అదే పొగ వేడితో సముద్రపు నీటిని ఆవిరి చేసి, రోజుకి 120 టన్నుల మంచినీళ్ళు తీసే ఏర్పాటు చేశారు. 2000 మెగావాట్ల ప్లాంటు పారబోసే వేడి ముందు ఇది చారెడే. కానీ సముద్రం పక్కనే ఉండి బిందెలతో ట్యాంకర్ కోసం ఎదురుచూసే ఊళ్ళున్న తీరంలో, ఏసీ కన్నా ముందు పెంచాల్సింది ఆ చారెడునే.