ద్రాక్షతోట ఉంటే వైన్ కోసమేనా?

ద్రాక్ష చలిదేశాల పంట అని, దాన్ని పెంచేది వైన్ కోసమేనని, మద్యం నిషేధించిన ఎండదేశాల్లో ఆ తీగ బతకదని చాలామంది గట్టిగా నమ్ముతారు. కువైత్‌లోని హవల్లీలో ఉంటున్న మనవాళ్లు మాత్రం ఆ నమ్మకాన్ని ఒకసారి సరిచూసుకోవాలి. ఉప్పునీటిలో ఊరిన ద్రాక్షాకులు అక్కడి కొట్లలో దొరుకుతాయి. బియ్యం, మాంసం పెట్టి వాటిని చుట్టే పని కువైత్ వంటిళ్లలో రాయచోటి, రాజంపేట, గోదావరి జిల్లాల ఆడవాళ్లకు బాగా తెలుసు. 1990 దాకా హవల్లీలో పెద్దసంఖ్యలో ఉన్న పాలస్తీనీయులకూ అది ఇంటి వంటే.

ఆ పాలస్తీనా ప్రాంతపు చరిత్రే ఈ అపోహకు సరైన జవాబు. బైజాంటైన్ కాలంలో గాజా రేవు నుంచి వైన్ మట్టికూజాల్లో మధ్యధరా తీరాలకు వెళ్లేది. నేటి ఇజ్రాయెల్‌లోని యావ్నెలో 2021లో బయటపడిన 1,500 ఏళ్లనాటి కర్మాగారంలో పండ్లు పిండే తొట్లు ఐదున్నాయి. అక్కడ ఏడాదికి సుమారు 20 లక్షల లీటర్లు తీసేవారని తవ్వకాలు జరిపినవారి అంచనా. నెగెవ్ ఎడారిలోనూ వాలుల మీద జారే వాననీటిని కట్టలతో ఆపి తీగలు పెంచారు. మరి ఇస్లాం వచ్చాకే అవి పోయాయి కదా అంటారా? నెగెవ్ చెత్తదిబ్బల్లో దొరికిన ద్రాక్షగింజలను లెక్కించిన పరిశోధకులకు వేరే సంగతి కనిపించింది. 6వ శతాబ్దం మధ్యలోనే, అంటే అరబ్బుల రాకకు దాదాపు వందేళ్ల ముందే, సాగు తగ్గడం మొదలైంది. దూరదేశాల్లో కొనేవాళ్లు తగ్గితే అమ్మకానికి పెంచిన తోట నిలవదు. హెబ్రాన్ కొండల్లోనైతే ద్రాక్ష నేటికీ ప్రధాన పంటే. పండు తింటారు, ఎండబెడతారు, రసం కాచి 'దిబ్స్' అనే పాకం చేస్తారు, ఆకులు వండుతారు.

మన హైదరాబాద్‌దీ ఇదే కథ. ఒకప్పుడు నగరం చుట్టూ పండిన అనాబ్-ఎ-షాహీ తినే పండు, వైన్ రకం కాదు. చలిలో నిద్రపోవాల్సిన తీగ దక్కన్‌లో నిద్రపోదు కాబట్టి రైతులు వేసవిలో ఒకసారి, అక్టోబరు ప్రాంతంలో మరోసారి కత్తిరించి కాపు తెప్పిస్తారు.

కువైత్‌లో తోటలు అరుదుగా ఉండటానికి 1964 నాటి మద్యనిషేధ చట్టమే కారణమనడం కూడా పొరపాటే. పండు మీద గానీ ఆకు మీద గానీ నిషేధం లేదు. 2016లో మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైన నేల అది. అక్కడ భూగర్భజలం ఉప్పన, వాననీటిని పట్టి ఆపే కొండవాలులు లేవు. అసలు కొరత మంచినీళ్లది.