పాత ట్రాక్టరు దీపములకు మంచి వెలుతురు

చెరకు తోలకములు, వరి నూర్పిళ్లు సాగు దినములలో ట్రాక్టరు రాత్రివేళ రోడ్డెక్కక తప్పదు. ఫ్యాక్టరీ వద్ద వంతు వచ్చి తిరిగి బయలుదేరునప్పటికి అర్ధరాత్రి కావచ్చును. ఆ దారిలోనే దీపము లేని ఎడ్లబండి, వెనుక ఎర్రబిళ్ల ఊడిపోయిన సైకిలు, రోడ్డు అంచున ఆరబోసిన ధాన్యము, దాని ప్రక్కన కావలి పండుకొన్న మనిషి ఉండవచ్చును. గంటకు 30 కిలోమీటర్ల వేగముతో పోవు ట్రాక్టరు ఒక్క సెకనులో 8 మీటర్లకు పైగా సాగును. తోలువాడు చూచి బ్రేకు మీద కాలు వేయునంతలో ఆ దూరము గడచిపోవును. నిండు ట్రాలీ వెనుక నుండి త్రోయుచుండగా బండి ఆగుటకు ఇంకను చాల నేల కావలెను. కనుక దీపపు వెలుతురు ఎంత దూరము పడుచున్నదనునది ఒక మనిషి ప్రాణమునకు సంబంధించిన లెక్క.

పాత ట్రాక్టరు గాని, పాత జీపు గాని ఉన్నవారు పలువురు "దీపము గుడ్డిగా ఉన్నది, పెద్ద బల్బు వేయుము" అని మెకానిక్కుతో చెప్పుదురు. ఇది సగము మాత్రమే సరియైన మాట. పాత బండిలో వెలుతురు తగ్గుటకు తరచుగా బల్బు కారణము కాదు. బల్బునకు చేరవలసిన విద్యుత్తు దారిలోనే తరిగిపోవుచుండును. ఆ దారిని బాగుచేయక పెద్ద బల్బు వేసినచో వెలుతురు కొంచెము పెరుగును, తీగలలో వేడి మాత్రము మిక్కిలి పెరుగును.

వెలుతురు ఎక్కడ పోవుచున్నది?

పంట కాలువలో గండ్లు, పూడికలు ఉన్నచో మోటారు ఎంత నీరు తోడినను చివరి మడికి చాలినంత చేరదు. ఇదియు అట్టిదే. బ్యాటరీ మంచిదైనను, స్విచ్చిలో మాడిన బిళ్లలు, మెలివేసి టేపు చుట్టిన అతుకులు, సన్నని పాత తీగ, తుప్పుపట్టిన ఎర్తు, వీటిలో ప్రతి ఒక్కటియు కొన్ని వోల్టులను మింగివేయును.

వోల్టులు తగ్గినంత మేరకే వెలుతురు తగ్గునని అనుకొనరాదు. ఫిలమెంటు బల్బునకు 12 వోల్టులు రావలసిన చోట 10.8 వచ్చినచో తగ్గినది పదవ వంతే. కాని వెలుతురు నూటికి సుమారు 30 వంతులు తగ్గును. వోల్టులు అయిదవ వంతు తగ్గినచో వెలుతురు సగము కూడ మిగులదు, మిగిలినదియు పసుపుగా ఉండును.

పాత 6 వోల్టుల బండ్లలో ఈ నష్టము ఇంకను ఎక్కువ. రెండవ ప్రపంచ యుద్ధ కాలపు విల్లీస్ జీపు ఇట్టిది. ఒకే వాటేజి బల్బు 12 వోల్టుల బండిలో కంటె 6 వోల్టుల బండిలో రెట్టింపు ఆంపియర్లు తీసికొనును. అందుచేత దానికి మరింత లావు తీగ అవసరము.

ముందుగా చేయవలసిన పరీక్ష

ఇంజనును పని వేగములో నడపుచు దీపములు వెలిగించవలెను. వోల్టు మీటరుతో మొదట బ్యాటరీ రెండు ధ్రువముల మధ్యను, తరువాత బల్బు వెనుక హోల్డరు వద్దను కొలిచి చూడవలెను. ఈ రెంటికి అర వోల్టు కంటె ఎక్కువ తేడా ఉన్నచో బల్బు కొనుటకు పోక తీగలను చూచుకొనవలెను.

మీటరు లేనివారికి మరొక ఉపాయము గలదు. బ్యాటరీలో ఏ ధ్రువము బండి చట్రమునకు కలిపి ఉన్నదో చూచి, ఆ ధ్రువము నుండి దీపపు ఎర్తు తీగకు ఒక మంచి లావు తీగను తాకించవలెను. వెలుతురు వెంటనే పెరిగినచో దోషము ఎర్తులో ఉన్నదని తెలియును. ఆ చోట రంగు, తుప్పు గీకి, లోహము మెరయునట్లు చేసి, బోల్టు బిగించి, పైన కొంచెము గ్రీజు పూయవలెను. దీపము నుండి చట్రమునకు వేరుగా ఒక ఎర్తు తీగ వేయుట ఇంకను మంచిది. ఖర్చు స్వల్పము, ఫలితము ఎక్కువ.

పాత డైనమో గల బండిలో ఇంజను నెమ్మదిగా తిరుగునప్పుడు దీపములు మందగించుట సహజము. వేగము పెరిగినను వెలుతురు పెరగనిచో డైనమోను, బెల్టు బిగువును చూపించవలెను.

రిలే, ఫ్యూజు

పాత బండ్లలో దీపముల విద్యుత్తు అంతయు స్విచ్చి గుండానే పోవును. 60 వాట్ల బల్బులు రెండు 12 వోల్టుల వద్ద 10 ఆంపియర్లు తీసికొనును. పాత స్విచ్చి దీనిని ఎక్కువ కాలము భరింపజాలదు. రిలే పెట్టినచో స్విచ్చి రిలేను కదిలించు పనిని మాత్రమే చేయును. దీపముల విద్యుత్తు బ్యాటరీ నుండి రిలే ద్వారా నేరుగా పోవును.

డిమ్మునకు ఒకటి, బ్రైటునకు ఒకటి చొప్పున రెండు రిలేలు కావలెను. రిలే అడుగున 30 అని ఉన్న కాలికి బ్యాటరీ తీగ, 87కు దీపపు తీగ, 85, 86లలో ఒకదానికి స్విచ్చి తీగ, రెండవదానికి ఎర్తు కలుపవలెను. దీపములకు 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ వాడవలెను. బ్యాటరీకి దగ్గరగా ఫ్యూజు తప్పక ఉండవలెను. లేనిచో తీగ ఒరసుకొని చట్రమునకు తగిలిన నాడు బండికే నిప్పు అంటుకొనును. కుడి దీపమునకు, ఎడమ దీపమునకు వేర్వేరు ఫ్యూజులు పెట్టుట మేలు. ఒకటి పోయినను రెండవది దారి చూపును.

ఏ బల్బు వేయవలెను?

ఇంతవరకు చేసిన పిమ్మటనే బల్బు మాట. పూర్వపు బల్బులలో ఎక్కువగా 45/40 వాట్లవి ఉండెడివి. వానిలో ఫిలమెంటు నుండి లేచిన టంగ్‌స్టను ఆవిరి గాజుపై పేరుకొని గాజు నల్లబడును. హాలొజను బల్బులో అయోడిను లేక బ్రోమిను చేర్చిన వాయువు ఆ లోహమును తిరిగి ఫిలమెంటునకు చేర్చును. గాజు తేటగా ఉండును, ఫిలమెంటును మరింత వేడిగా వెలిగించవచ్చును. వాటునకు వాటు చూచినచో వెలుతురు సుమారు ఒకటిన్నర రెట్లు ఉండును. మోటారు బండ్లకు మొదటి హాలొజను బల్బు 1962లో ఐరోపాలో వచ్చినది. డిమ్ము, బ్రైటు రెండును ఒకే బల్బులో గల హెచ్4 రకము 1971లో వచ్చినది.

12 వోల్టుల బండికి 60/55 వాట్ల హాలొజను బల్బు చాలును. పాత బల్బు అడుగు పి45టి రకమైనచో అదే అడుగు గల హాలొజను బల్బునే అడిగి తీసికొనవలెను. హెచ్4 అడుగు పి43టి, అది వేరు. అడుగును అరగదీసి ఇరికించినచో ఫిలమెంటు తన చోటు తప్పి వెలుతురు చెదరును. బల్బు, అద్దము కలిసి ఒకే ముద్దగా ఉన్న దీపమైనచో, బల్బు విడిగా మార్చగల 7 అంగుళముల దీపమును దాని బదులు అమర్చుకొనవచ్చును. హాలొజను గాజును చేతితో తాకరాదు. చేతి జిడ్డు అంటిన చోట గాజు చెడును.

100/90 వాట్ల బల్బులు పాత బండికి వద్దు. అవి హోల్డరును కరిగించును, రిఫ్లెక్టరును మాడ్చును, ఎదుటివాని కన్నులను మూయును. ఫిలమెంటు దీపములో ఎల్.ఇ.డి. బల్బు పెట్టుటయు ఇట్టిదే. రిఫ్లెక్టరు ఫిలమెంటు ఉన్న చోటును బట్టి చేయబడినది. వెలుగు పుట్టు చోటు మారినచో డిమ్ము కూడ డిమ్ముగా ఉండదు. కొన్ని పాత బ్రిటిషు ట్రాక్టర్లలో ధన ధ్రువము చట్రమునకు కలిపి ఉండును. అట్టివానిలో ఎల్.ఇ.డి. వెలుగకపోవచ్చును, చెడిపోవచ్చును. దుక్కికి వేరుగా పెట్టుకొన్న ఎల్.ఇ.డి. పని దీపమును రోడ్డెక్కగానే ఆర్పివేయవలెను.

అద్దము, దిశ

రిఫ్లెక్టరు వెండి మెరుపు పోయి మసకబారినచో ఏ బల్బును పనిచేయదు. దానిని గుడ్డతో రుద్దరాదు, మార్చవలెను. ముందు అద్దము ఎడమ ప్రక్క నడకకు చేసినదేనా అని చూచి కొనవలెను. కుడి ప్రక్క నడచు దేశముల అద్దము మన రోడ్డుపై ఎదుటివాని కంటిలోనికే వెలుతురు కొట్టును.

చివరగా, సమమైన నేలపై గోడకు 10 మీటర్ల దూరములో బండిని నిలిపి డిమ్ము వేయవలెను. వెలుతురు పై అంచు గోడపై దీపపు నడిమి ఎత్తు కంటె సుమారు 10 సెంటీమీటర్లు క్రిందుగా ఉండవలెను. నిండు ట్రాలీ కట్టినచో ట్రాక్టరు ముక్కు కొంచెము పైకి లేచును. కావున బరువుతో ఉన్నప్పుడే ఈ పరీక్ష చేయవలెను. ఎదుటివారి కన్నులు చెదరునట్లు దీపము వాడుట 1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నియమములకు కూడ విరుద్ధము.

గ్రామములో పనిచేయు అధికారులు తోలకములు మొదలగుటకు ముందు ఒక సాయంత్రము ట్రాక్టర్లన్నింటిని ఒక గోడ ముందు నిలిపించి ఈ పరీక్ష జరిపించవచ్చును. అదే రోజున ట్రాలీల వెనుకను, ఎడ్లబండ్ల వెనుకను ఎర్ర బిళ్లలు అతికింపవలెను. మన దీపము దారిని చూపవలెను, మన బండియు ఎదుటివారికి కనబడవలెను. ఈ రెండును కుదిరిన నాడే రాత్రి తోలకమునకు పోయినవాడు క్షేమముగా ఇల్లు చేరును.