జైలుకెళ్తే అమెరికన్ కాకుండా పోతాడా?

స్వేచ్ఛకు తామే చిరునామా అని చెప్పుకునే దేశంలో దాదాపు 19 లక్షల మంది కటకటాల వెనక ఉన్నారు. వాళ్ల కూలి, వాళ్ల ఓటు, వాళ్లను జనాభాలో లెక్కించే తీరు... అన్నీ తగవులే. పైకి చూస్తే అది జైళ్ల సంస్కరణ గొడవ. లోపల నలుగుతున్నది మాత్రం ‘మనవాడు’ ఎవరన్న ప్రశ్న.

లూసియానా రాష్ట్రంలో మిసిసిపీ నది మూడు వైపులా చుట్టుకున్న చోట 18 వేల ఎకరాల భూమి ఉంది. న్యూయార్క్‌లోని మన్‌హటన్ కన్నా పెద్దది. అక్కడ మగవాళ్లు వరసలు కట్టి పొలంలోకి దిగుతారు. చేతుల్లో పారలుంటాయి, పక్కనే గుర్రం మీద తుపాకీతో కాపలాదారు ఉంటాడు. కలుపు తీస్తారు, కూరగాయలు కోస్తారు. గంటకు దక్కేది కొన్ని సెంట్లు, కొందరికి అదీ లేదు. వాళ్లలో ఎక్కువమంది నల్లజాతివారు. ఇది లూసియానా రాష్ట్ర కారాగారం. జనం నోట్లో మాత్రం ‘అంగోలా’. అంతర్యుద్ధానికి ముందు ఇక్కడ బానిసలతో సాగు చేయించిన తోటకు ఆఫ్రికాలోని అంగోలా పేరు పెట్టారు. తోట పోయి జైలొచ్చినా పేరు పోలేదు.

మినహాయింపు చేసిన పని

బానిసత్వం 1865లో రద్దయింది కదా, మరి ఇదెలా సాధ్యం? రద్దు చేసిన 13వ రాజ్యాంగ సవరణలోనే కిటుకుంది. నేరానికి శిక్షగా తప్ప ఎవరితోనూ నిర్బంధంగా చాకిరీ చేయించకూడదని అది చెబుతుంది. ఆ ‘తప్ప’ను దక్షిణాది రాష్ట్రాలు వెంటనే అందిపుచ్చుకున్నాయి. పనీపాటా లేకుండా తిరగడమే నేరమన్నాయి. నిన్నమొన్న విముక్తులైన నల్లవాళ్లను పట్టి శిక్ష వేసి, గనులకూ రైలు మార్గాల పనులకూ అద్దెకిచ్చాయి. అలబామాలో ఈ అద్దె వ్యాపారం 1928 దాకా సాగింది. ఖైదీ అంటే శిక్షాకాలమంతా రాజ్యానికి బానిసేనని 1871లో వర్జీనియా కోర్టు తీర్పే ఇచ్చింది.

ఆ మినహాయింపును తమ రాష్ట్ర రాజ్యాంగాల నుంచైనా తీసేయాలని ఇప్పుడు ఒక్కో రాష్ట్రంలో ప్రజాభిప్రాయం కోరుతున్నారు. 2022లో అలబామా, టెనసీ, ఆరెగాన్, వెర్మాంట్ ఓటర్లు సరేనన్నారు. ముదురు సంప్రదాయవాద రాష్ట్రాలు, ముదురు ఉదారవాద రాష్ట్రాలు ఒకే జాబితాలో చేరాయి. తీరా 2024లో, ఉదారవాదానికి కంచుకోట అనుకునే కాలిఫోర్నియాలో ఇదే ప్రతిపాదన ఓడిపోయింది. నేరాల భయం పెరిగినప్పుడు జనం మనసు ఎంత త్వరగా బిగుసుకుంటుందో చెప్పడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

ఓటు ఇచ్చారు, ముడి వేశారు

నేరశిక్ష కారణంగా ఓటు లేనివాళ్లు అమెరికాలో దాదాపు 40 లక్షల మంది. వీళ్లంతా జైల్లో ఉన్నవాళ్లు కారు. శిక్ష పూర్తి చేసుకుని, ఉద్యోగం చేసుకుంటూ, పన్నులు కడుతున్నవాళ్లూ ఉన్నారు. మన దేశంలోనూ ఖైదీకి ఓటు లేదు. అయితే విడుదలై ఇంటికొస్తే ఓటూ తిరిగొస్తుంది. అమెరికాలో అది ఏ రాష్ట్రంలో ఉంటున్నారన్న దాన్ని బట్టి మారిపోతుంది.

ఫ్లోరిడా కథ వింటే విషయం బోధపడుతుంది. అక్కడ ఒకసారి పెద్ద నేరంలో శిక్షపడితే దాదాపు జన్మంతా ఓటు పోయినట్టే ఉండేది. తానూ జైలుకెళ్లొచ్చి, తర్వాత న్యాయశాస్త్రం చదివిన డెస్మండ్ మీడ్ దాని మీద ఉద్యమం నడిపారు. 2018లో 64 శాతానికి పైగా ఓటర్లు మద్దతిచ్చారు. హత్య, లైంగిక నేరాలు మినహా శిక్ష ముగిసిన అందరికీ ఓటు ఇవ్వాలన్నారు. సుమారు 14 లక్షల మందికి దారి తెరుచుకుంది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వలేదన్నట్టు, మరుసటి ఏడాదే రాష్ట్ర చట్టసభ మెలిక పెట్టింది. జరిమానాలు, కోర్టు రుసుములు పూర్తిగా కడితేనే శిక్ష ముగిసినట్టంది. ఎవరు ఎంత బాకీ ఉన్నారో తేల్చి చెప్పే ఒక్క జాబితా కూడా రాష్ట్రం దగ్గర లేదు. 2022లో, అర్హత లేకుండా ఓటేశారంటూ 20 మందిని అరెస్టు చేశారు. ఓటరు కార్డు ప్రభుత్వమే పంపింది కదా అని వాళ్లలో కొందరు పోలీసుల ముందు నోరెళ్లబెట్టారు.

ఓటుకు పనికిరాడు, లెక్కకు పనికొస్తాడు

ఓటివ్వని ఖైదీని జనాభా లెక్కల్లో మాత్రం వదలరు. అదీ సొంతూరి మనిషిగా కాదు, జైలున్న ఊరి నివాసిగా రాసుకుంటారు. దీంతో ఎక్కడో మారుమూల పట్టణానికి లేని జనం ఉన్నట్టవుతుంది, ఖైదీ పుట్టిపెరిగిన నగరపు వాడకు ఉన్న జనం తగ్గుతారు. నియోజకవర్గాల గీతలు ఆ లెక్క మీదే గీస్తారు.

అయోవా రాష్ట్రంలోని అనమోసా అనే చిన్న పట్టణంలో ఇది ఎంతవరకు వెళ్లిందో చూడండి. అక్కడి రెండో వార్డు జనాభా సుమారు 1,400. అందులో 1,300 మంది జైల్లోని ఖైదీలే. 2005లో ఆ వార్డుకు నామినేషన్ వేసినవాళ్లే లేరు. ఒకాయన భార్య, ఒక పొరుగింటి మనిషి బ్యాలెట్ మీద ఆయన పేరు రాసి వేశారు. ఆ రెండు ఓట్లతో ఆయన కౌన్సిల్ సభ్యుడయ్యాడు! పరువు పోయిన పట్టణం తర్వాత వార్డుల పద్ధతినే మార్చుకుంది. మేరీలాండ్, న్యూయార్క్ రాష్ట్రాలు 2010లోనే చట్టం చేసి, నియోజకవర్గాల విభజనలో ఖైదీని సొంతూరి లెక్కలో చేర్చాయి. కేంద్ర జనగణన మాత్రం పాత బాటలోనే ఉంది.

శిక్ష అయ్యాక దేశబహిష్కారం

పౌరుడికే ఇలా ఉంటే, పౌరసత్వం లేనివాడి సంగతి చెప్పక్కర్లేదు. 1996లో తెచ్చిన వలస చట్టం దేశం నుంచి పంపేయదగ్గ నేరాల జాబితాను బాగా పెంచింది. దొంగతనం కేసులో ఏడాది శిక్ష పడి, జైలుకు వెళ్లనక్కర్లేకుండా కోర్టు దాన్ని నిలిపేసినా, గ్రీన్‌కార్డు ఉన్న మనిషిని గెంటేయొచ్చు. హోండురాస్‌లో పుట్టిన ఒక లారీ డ్రైవర్ 40 ఏళ్లు అమెరికాలో చట్టబద్ధంగా బతికాడు, అమెరికా సైన్యంలో చేరి వియత్నాం యుద్ధానికీ వెళ్లొచ్చాడు. గంజాయి రవాణా కేసులో, ఏమీ కాదన్న వకీలు మాట నమ్మి నేరం ఒప్పుకున్నాడు. ఆ ఒప్పుకోలుతోనే దేశం నుంచి పంపేసే ముప్పు వచ్చిపడింది. నేరం ఒప్పుకునే ముందే ఈ ముప్పు గురించి వకీలు చెప్పి తీరాలని సుప్రీంకోర్టు 2010లో ఈ కేసులోనే అంది.

ఈ గోడ తెలుగువాళ్లకూ తగిలింది. 2019 జనవరిలో, మిషిగన్‌లో ప్రభుత్వమే ఎరగా నడిపిన ఫార్మింగ్‌టన్ నకిలీ విశ్వవిద్యాలయం కేసులో మొదటి విడతగా సుమారు 130 మంది విద్యార్థులను నిర్బంధించారు. ఎక్కువమంది ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పిల్లలే. ఏ కోర్టూ శిక్ష వేయకుండానే వాళ్లు తాళాల వెనక రోజులు గడిపారు.

2025 సెప్టెంబరులో అంగోలా జైల్లోని ఒక భాగాన్ని వలసదారుల నిర్బంధానికి తెరిచారు. ఆ జైలుకున్న భయంకరమైన పేరు కూడా ఎంపికకు ఒక కారణమేనని అప్పటి హోంల్యాండ్ సెక్యూరిటీ మంత్రి క్రిస్టీ నోయెమ్ దాచకుండా చెప్పారు. ఒకనాడు బానిసల తోట, తర్వాత ఖైదీల పొలం, ఇప్పుడు పరాయివాళ్ల చెర. ‘మనవాడు కాడు’ అన్న ముద్ర పడినవాళ్లంతా వంతులవారీగా అక్కడికే చేరారు.

నేర్పిన దేశమే నేర్చుకుంటోంది

ఒకప్పుడు జైళ్ల విషయంలో ప్రపంచానికి అమెరికాయే బడి. 1829లో ఫిలడెల్ఫియాలో ఈస్టర్న్ స్టేట్ కారాగారం తెరిచారు. ఒక్కో గదికి ఒక్కడే ఖైదీ, పైకప్పులో వెలుతురు కోసం ఒక కంత. బయటికి తీసుకెళ్లేటప్పుడు ఎవరినీ చూడకుండా తలకు ముసుగు. ఒంటరితనంలో పశ్చాత్తాపం పుడుతుందని నమ్మారు. 1831లో ఫ్రెంచి మేధావి టోక్‌విల్ అమెరికా వచ్చింది జైళ్లను పరిశీలించడానికే. అక్కడి ప్రజాస్వామ్యం మీద ఆయన రాసిన ప్రసిద్ధ గ్రంథానికి ఆ ప్రయాణమే మూలం.

ఇప్పుడు అదే పెన్సిల్వేనియా నుంచి జైలు సిబ్బంది పాఠాల కోసం నార్వే, స్వీడన్ వెళ్లొచ్చారు. 2022లో చెస్టర్ జైల్లో ‘లిటిల్ స్కాండినేవియా’ పేరుతో 64 గదుల విభాగం ప్రారంభించారు. గదికొక్కరే, కానీ తలుపు దాటితే వంటగది ఉంది. సరుకులు తెప్పించుకుని ఖైదీలు తామే వండుకుంటారు. మొక్కలు, చేపల తొట్టి ఉన్నాయి. కాపలాదారు పలకరిస్తాడు, కూర్చుని మాట్లాడతాడు. కేంద్ర స్థాయిలోనూ కదలిక లేకపోలేదు. జైళ్ల సంస్కరణ కోసం ట్రంప్ 2018లో సంతకం చేసిన ‘ఫస్ట్ స్టెప్’ చట్టానికి సెనేట్‌లో 87 మంది ఓటేశారు. ఖైదీలకు 1994లో తీసేసిన పెల్ గ్రాంటు చదువు సాయం 2023లో మళ్లీ దక్కింది.

ఇవన్నీ మెచ్చుకోదగ్గవే. కానీ నార్వే నుంచి అమెరికా తెచ్చుకున్నది వంటగదిని, ఆ వంటగది వెనకున్న సూత్రాన్ని కాదు. శిక్ష అంటే స్వేచ్ఛ పోవడం మాత్రమే, తక్కిన హక్కులన్నీ మిగిలే ఉంటాయన్నది అక్కడి నియమం. అందుకే నార్వే ఖైదీ ఓటు కూడా వేస్తాడు. సౌకర్యాలు దయ మీద ఆధారపడితే, గవర్నర్ మారినా బడ్జెట్ తగ్గినా మాయమవుతాయి. ఓటున్న మనిషి దగ్గరికి మాత్రం గవర్నరే అడుక్కుంటూ రావాలి.

ఆ సూత్రం కోసం అమెరికా సముద్రం దాటనక్కర్లేదు. మెయిన్, వెర్మాంట్ రాష్ట్రాల్లో ఖైదీలు ఎప్పటినుంచో జైలు నుంచి తపాలా ఓటు వేస్తున్నారు. అదీ జైలున్న ఊరి ఓటరుగా కాదు, సొంతూరి ఓటరుగా. దానివల్ల ఆ రాష్ట్రాల్లో ఎన్నికలు కుప్పకూలలేదు, నేరగాళ్ల రాజ్యమూ రాలేదు. అయితే దేశంలో తెల్లవారి శాతం అత్యధికంగా ఉన్న రాష్ట్రాల్లో ఆ రెండూ ముందుంటాయి. అక్కడ జైల్లో ఉన్నవాడు ఓటర్ల కంటికి తమ ఊరి పిల్లవాడిలాగే కనిపిస్తాడు. జనాభాలో ఏడో వంతు కూడా లేని నల్లజాతి, రాష్ట్ర, కేంద్ర జైళ్లలో దాదాపు మూడో వంతున్న దేశంలో మిగతా రాష్ట్రాలకు ఆ చూపు ఎందుకు రావడం లేదో వేరే చెప్పాలా? సంస్కరణ ఆగిపోతున్నది డబ్బు లేక కాదు, తెలివి చాలక అంతకన్నా కాదు. లోపలున్నవాడు మనవాడేనని ఒప్పుకోలేక.