ఓజోన్ పెట్టారా? ఓఆర్‌పీ నంబర్‌ని గుడ్డిగా నమ్మకండి!

ఉప్పునీటి అక్వేరియం పెట్టినవాళ్ళు చాలామంది అడిగే ప్రశ్న ఇది: "అన్నా, ట్యాంకులో నీళ్ళు లేత పసుపు రంగులోకి మారాయి. ఓజోన్ పెట్టొచ్చా?" పెట్టొచ్చు. కానీ ముందు ఒక సీన్ ఊహించుకోండి.

కంట్రోలర్‌లో 375 సెట్ చేసి మీరు పడుకున్నారు. అంటే ఓఆర్‌పీ 375 మిల్లీవోల్టులు దాటగానే ఓజోన్ ఆగిపోవాలి. కానీ ప్రోబ్ మీద నెలల నుంచి పాకుడు పట్టి ఉంది. నీళ్ళలో నిజంగా 450 ఉంటే అది 320 చూపిస్తోంది. కంట్రోలర్‌కి పాపం ఏం తెలుసు? "ఇంకా చాల్లేదు" అనుకుని తెల్లవార్లూ ఓజోన్ వదులుతూనే ఉంటుంది. పొద్దున్నే చూస్తే చేపలు పైకొచ్చి ఆయాసపడుతున్నాయి. మిషన్ బాగానే ఉంది, నంబరే అబద్ధం చెప్పింది. ఈరోజు టాపిక్ అదే.

అసలు ఓజోన్ ఏం చేస్తుంది?

మనం పీల్చే ఆక్సిజన్‌లో రెండు పరమాణువులుంటాయి, ఓజోన్‌లో మూడు. ఆ మూడోది ఊరికే ఉండదు, దొరికినదానితో రియాక్ట్ అవుతుంది. మేత, చేపల వ్యర్థాలు కరిగి నీళ్ళకి పసుపు రంగు తెచ్చే పదార్థాలని విరగ్గొడుతుంది. అందుకే కొద్ది రోజుల్లోనే నీళ్ళు అద్దంలా కనిపిస్తాయి.

ఉప్పునీళ్ళలో ఇంకో సంగతి ఉంది. సముద్రపు నీటిలో లీటరుకి సుమారు 65 మిల్లీగ్రాముల బ్రోమైడ్ ఉంటుంది. ఓజోన్ దాంతో కలిస్తే బ్లీచింగ్ లాంటి ఘాటైన బ్రోమిన్ పదార్థాలు తయారవుతాయి. ఓజోన్ తొందరగానే పోతుంది కానీ ఇవి నిలిచి ఉంటాయి. చేపల మొప్పలకి అసలు దెబ్బ వీటివల్లే. అందుకే ఓజోన్ తగిలిన నీళ్ళు యాక్టివేటెడ్ కార్బన్ మీదుగా వెళ్ళాకే ట్యాంకులోకి రావాలి. ఇందులో షార్ట్‌కట్ లేదు.

ఓఆర్‌పీ అంటే ఏంటి?

నీళ్ళకి ఆక్సీకరణ చేసే శక్తి ఎంతుందో మిల్లీవోల్టులలో చెప్పే కొలత. మామూలుగా 300 నుంచి 400 మధ్య ఉంటే చాలు. ఓజోన్ లేకుండానే చాలా ట్యాంకులు ఈ రేంజ్‌లో హాయిగా నడుస్తాయి. ఎక్కువ ఉంటే ఇంకా మంచిది అనుకోవడం పెద్ద పొరపాటు. 400 దాటనివ్వకండి.

ఈ నంబర్ రోజంతా ఒకేలా ఉండదు. పీహెచ్ 0.1 పెరిగితే ఓఆర్‌పీ దాదాపు 6 మిల్లీవోల్టులు తగ్గుతుంది. లైట్లు వెలిగే పగటిపూట పీహెచ్ పెరుగుతుంది కాబట్టి కాస్త తగ్గడం మామూలే. మేత వేసినా, ట్యాంకులో చెయ్యి పెట్టినా పడిపోతుంది. కంగారు పడొద్దు. కారణం లేకుండా ఒక్కసారి బాగా పడిపోయి లేవకపోతే మాత్రం ఎక్కడైనా చేప చచ్చి కుళ్ళుతోందేమో వెతకండి. అంటే నంబర్ కన్నా అది ఎటు కదులుతోందో ముఖ్యం.

మరి సేఫ్‌గా ఎలా వాడాలి?

ఒకటి, చిన్న జనరేటర్ కొనండి. 200 లీటర్ల ట్యాంకుకి గంటకి 15 నుంచి 25 మిల్లీగ్రాములు చాలు. మొదలు దానికన్నా తక్కువతోనే పెట్టండి. మిషన్ చిన్నదైతే కంట్రోలర్ మోసపోయినా నష్టం తక్కువ.

రెండు, ప్రోబ్‌ని క్రమం తప్పకుండా శుభ్రం చేసి, కాలిబ్రేషన్ ద్రావణంలో చెక్ చేయండి. కొత్త ప్రోబ్ సర్దుకోవడానికి కొన్ని రోజులు పడుతుంది, అప్పటిదాకా దాని చేతికి ఓజోన్ అప్పగించొద్దు. నీళ్ళు ఆవిరై సంప్‌లో మట్టం తగ్గినా ప్రోబ్ మునిగే ఉండాలి.

మూడు, టైమర్ పెట్టండి. కంట్రోలర్ ఏం చెప్పినా రోజుకి ఇన్ని గంటలే అని లిమిట్ ఉండాలి.

నాలుగు, గాలి పొడిగా ఉండాలి. విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతాల్లో గాలిలో తేమ ఎక్కువ. తేమ ఉంటే ఓజోన్ తక్కువ తయారవుతుంది, పైగా నైట్రిక్ యాసిడ్ పుట్టి మిషన్‌ని తినేస్తుంది. ఎయిర్ డ్రయ్యర్ తప్పనిసరి. మామూలు రబ్బరు పైపులు పగిలిపోతాయి, సిలికాన్ పైపులు వాడండి.

ఐదు, మీ ముక్కుని నమ్మండి. 1840లో ఓజోన్‌ని గుర్తించిన షోన్‌బైన్ దానికి ఆ పేరు పెట్టింది "వాసన" అనే అర్థమున్న గ్రీకు మాట నుంచే. స్కిమ్మర్ నుంచి బయటికొచ్చే గాలికి కూడా కార్బన్ పెట్టండి. అయినా గదిలో ఘాటు వాసన వస్తోందా? వెంటనే మిషన్ ఆపి కిటికీలు తెరవండి. అది మీ ఊపిరితిత్తులకీ, ఇంట్లో చిన్నపిల్లలకీ మంచిది కాదు.

చివరిగా ఒక్క మాట. నీళ్ళు మార్చడం, మేత తగ్గించడం, కార్బన్ వాడటం... ముందు ఇవి చేయండి. చాలామందికి పసుపు రంగు వీటితోనే పోతుంది. అయినా పోకపోతే అప్పుడు ఓజోన్ ఆలోచించండి. పెట్టాక రోజూ రెండు చూడండి: మీటర్, చేపలు. రెండూ వేర్వేరు మాటలు చెబితే చేపల మాటే నమ్మండి.

మీ ట్యాంకులో ఓఆర్‌పీ ఎంత చూపిస్తోందో, ప్రోబ్ ఎప్పుడు కడిగారో కామెంట్‌లో చెప్పండి. రెండోది ఆలోచించాల్సి వచ్చిందా? అయితే ఇప్పుడే వెళ్ళి కడిగేయండి. ఉంటాను మరి, బై!