పిన్ను సరిపోయిన చార్జరు

విద్యుత్తుతో నడచు సైకిలుకు చార్జరు పాడైనచో, అంగడికి పోయి, పిన్ను సరిపోయిన మరియొక దానిని కొని తెచ్చుట పలువురికి అలవాటు. పిన్ను దూరినది, దీపము వెలిగినది. ఇక సందేహమేల అనుకొందురు. కాని తాళమున దూరిన ప్రతి చెవియు ఆ తాళపు చెవి కాదు.

48 వోల్టులని పేరుగల బ్యాటరీపెట్టెను విప్పి చూచినచో (మీరు విప్పరాదు సుమా!) అందు సాధారణముగా 13 వరుసల లిథియం అయాన్ ఘటములుండును. ఒక్కొక్క ఘటము నిండినప్పుడు 4.2 వోల్టులు చూపును. 13ను 4.2తో హెచ్చించిన 54.6 వచ్చును. దానితో వచ్చిన చార్జరు ఈ హద్దు దాటదు. హద్దు చేరగానే ప్రవాహమును క్రమముగా తగ్గించి ఆపివేయును.

సీసపు బ్యాటరీల చార్జరుమీదను 48 వోల్టులనియే వ్రాసియుండును. అయితే 12 వోల్టుల సీసపు బ్యాటరీలు నాలుగింటిని నింపుటకు అది సుమారు 59 వోల్టుల వరకు పోవును. దానిని లిథియం బ్యాటరీకి తగిల్చినచో ఒక్కొక్క ఘటముపై 4.5 వోల్టులకు పైగా పడును. భేదము మూడవవంతు వోల్టు మాత్రమే! ఐనను ఘటము దానిని సహింపజాలదు. లిథియం గ్రాఫైటు పొరలలో చేరక, దాని పైభాగమున లోహమై పేరుకొనును. రెండవ ధ్రువములోని పదార్థము చెడి ఆక్సిజనును విడువవచ్చును. లోపలి ద్రవమో, మండు స్వభావము గలది. వేడివలన చర్య వేగించును, చర్యవలన వేడి హెచ్చును. ఈ చక్రము ఒకసారి తిరుగ నారంభించిన పిదప చార్జరును ఊడబెరికినను ఆగదు.

బ్యాటరీ మంట ఎట్టిదో 2022 సెప్టెంబరు 12వ తేదీ రాత్రి సికింద్రాబాదులో కనబడినది. విద్యుత్ స్కూటర్ల విక్రయశాలలో మంటలు లేచి, పొగ పైనున్న లాడ్జిలోనికి ప్రాకగా 8 మంది మరణించిరి. చార్జరే దానికి కారణమని నేను చెప్పుట లేదు. మెట్లక్రింద, గుమ్మము ప్రక్కన బ్యాటరీని నింపుట ఏల తగదో చెప్పుచున్నాను.

తప్పు చార్జరుతో నెలల తరబడి ఏ కీడును జరుగని ఇండ్లును కలవు. బ్యాటరీలోని రక్షణవలయము హద్దు మీరిన ప్రవాహమును తెంచుటయే అందులకు కారణము. అది ఆపదలో ఆదుకొను కావలివాడేగాని ప్రతిరాత్రి పనిచేయించుకొనదగిన కూలివాడు కాదు. అది చెడినను బయటకు గుర్తు కనబడకపోవచ్చును.

ఇతరులు చేసిన చార్జరులన్నియు చెడ్డవని కాదు. అది లిథియం బ్యాటరీకై చేసినదై యుండవలెను. అవుట్‌పుట్ వోల్టులు దశాంశముతో సహా పాత దానితో సరిపోవలెను, ఆంపియర్లు మించరాదు, ధన ఋణ ధ్రువముల అమరిక మారరాదు. చార్జరు వెనుక అక్షరములు చెరిగియున్నచో, తగిల్చి చూచుటకు ముందే మెకానిక్కుచేత మల్టీమీటరుతో కొలిపింపవలెను. ఆ పనికి అయిదు నిమిషములు చాలును.